చిట్టెలుక ఆయుష్షే కొలబద్ద

"మూలుగ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనబడలేదన్నారు, బిడ్డ ఆడుకుంటోంది, ఇంకా రెండేళ్ళు మందులెందుకు?" ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. జవాబుకు మూలం 1964 నాటి లెక్కల్లో ఉంది. అమెరికాలో, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, హోవర్డ్ స్కిప్పర్ బృందం చిట్టెలుకల మీద కట్టిన లెక్కలవి.

వాళ్ళు వాడింది ఎల్1210 అనే ఎలుకల ల్యుకేమియా. ఆ కణాలు దాదాపు అర రోజుకోసారి రెట్టింపవుతాయి. ఒంట్లో వంద కోట్లకు చేరితే ఎలుక చనిపోతుంది. పొట్టలోకి ఒక్క కణమే ఎక్కించినా ప్రాణం తీయగలదు: 30 రెట్టింపులు, 15 రోజులు. లక్ష ఎక్కిస్తే ఏడు రోజులే.

కాబట్టి ఎలుక ఎన్నోరోజున పోయిందో చూస్తే, మందు తర్వాత ఎన్ని కణాలు మిగిలాయో తెలిసిపోతుంది. లక్ష కణాలున్న ఎలుక మందు పడ్డాక ఐదు రోజులు అదనంగా బతికిందంటే మిగిలినవి వంద. 99.9 శాతం చచ్చాయి. అయితే మందు చంపేది ఇన్ని కణాలని కాదు, ఇంత వంతని. అదే మోతాదు పది కోట్ల మీద వేస్తే లక్ష మిగులుతాయి. వంద మీద వేస్తే సగటున 0.1 మిగులుతుంది, అంటే పది ఎలుకల్లో సుమారు తొమ్మిది బతికి బయటపడతాయి. రెండో మోతాదు ఐదు రోజులు ఆలస్యమైతే? పది రెట్టింపులు, వెయ్యి రెట్లు. మొదటి మోతాదు చేసిందంతా వృథా! సైటరబిన్ అనే ల్యుకేమియా మందు డీఎన్ఏ కాపీ చేసుకుంటున్న కణాలనే చంపుతుంది. అందుకే ఏ కణమూ తప్పించుకోకుండా మూడు గంటలకొకటి చొప్పున రోజుకు ఎనిమిది మోతాదులు, నాలుగు రోజులకోసారి ఇచ్చి ఎల్1210 ఎలుకలను నయం చేశారు.

జబ్బు బయటపడేనాటికి బిడ్డ ఒంట్లో దాదాపు లక్ష కోట్ల ల్యుకేమియా కణాలుంటాయి. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను వెతికే, పదివేలలో ఒకదాన్ని పట్టే ఎంఆర్‌డీ పరీక్షకు కూడా దొరకకుండా పది కోట్లు దాగి ఉండొచ్చు. బిడ్డ తేరుకుందని మందులు ఆపి పసరు వైద్యానికి వెళితే, ఆ పది కోట్లూ రెట్టింపవడం మొదలుపెడతాయి. దయచేసి ఆపకండి.

ఇప్పుడు మందులను పరీక్షించడానికి పిల్లల ల్యుకేమియా కణాలనే ఎన్‌ఎస్‌జీ అనే రకం ఎలుకల తోక నరంలోకి ఎక్కిస్తున్నారు. టీ, బీ, ఎన్‌కే అనే రోగనిరోధక కణాలు లేని ఎలుకలివి, పరాయి కణాలను తిప్పికొట్టలేవు. చావు దాకా ఆగరు. రక్తంలో మానవ సీడీ45 కణాలు (తెల్ల రక్తకణాల గుర్తు సీడీ45 ఉన్న మనిషి కణాలు) 25 శాతం దాటిన రోజే లెక్క. ఎలుక బరువు కూడా తూస్తుండాలి, లేకపోతే మందు విషం వల్ల పోయిందా, జబ్బు వల్లా అన్నది తేలదు. ఈ ఎలుకల్లో డీఎన్ఏ మరమ్మతు కూడా లోపమే, డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు మామూలు మోతాదుకు తట్టుకోలేవు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో తయారైన ల్యుకేమియా మందు మెథోట్రెక్సేట్ విషయంలో మరో చిక్కుంది. అది కణానికి డీఎన్ఏ కట్టుకోవడానికి కావలసిన థైమిడిన్ తయారుకాకుండా అడ్డుకుంటుంది. ఎలుక రక్తంలో థైమిడిన్ మనకన్నా చాలా ఎక్కువ. కణాలు దాన్నే వాడుకుని తప్పించుకుంటాయి. బిడ్డలో బాగా పనిచేసే మందు ఎలుకలో నీరసంగా కనిపిస్తుంది.