‘ఎవరైనా రాయవచ్చు’ నుంచి 500 దిద్దుబాట్ల దాకా

ఆంగ్ల వికీపీడియాలో అరబ్–ఇజ్రాయెల్ వివాదానికి సంబంధించిన వ్యాసాన్ని దిద్దాలంటే, ఖాతా తెరిచి కనీసం 30 రోజులు గడవాలి, ఆ ఖాతా నుంచి 500 దిద్దుబాట్లు జరిగి ఉండాలి. ఎవరైనా రాయవచ్చునన్న సూత్రంతో 2001 జనవరిలో మొదలైన విజ్ఞాన సర్వస్వం ఈ నిబంధన దాకా ఒక్కసారిగా రాలేదు.

తొలి ఏళ్లలో నిర్వాహకులకు (అదనపు అధికారాలున్న వాడుకరులకు) ఉన్న ప్రధాన సాధనాలు రెండే: అల్లరి చేసే ఖాతాను నిరోధించడం, లేదా పేజీని పూర్తి సంరక్షణలో పెట్టి నిర్వాహకులు తప్ప మరెవరూ ముట్టుకోకుండా చేయడం. అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ వ్యాసం వంటి చోట్ల దుశ్చర్యలు ఆపడానికి పేజీని మూసిన ప్రతిసారీ, దాన్ని శ్రద్ధగా మెరుగుపరుస్తున్నవారి పనీ ఆగిపోయేది. ఇంతలో, పాత్రికేయుడు జాన్ సీగెన్‌థేలర్‌ను కెన్నెడీ సోదరుల హత్యలతో ముడిపెడుతూ ఒక అజ్ఞాత వ్యక్తి రాసిన అబద్ధం నెలల తరబడి అలాగే ఉండిపోయిందని 2005 చివర్లో లోకానికి తెలిసింది. విమర్శలు చెలరేగడంతో, ఖాతా లేనివారు కొత్త వ్యాసాలు సృష్టించే వీలును ఆ డిసెంబరులోనే తీసేశారు. అదే వ్యక్తి క్షణంలో ఖాతా తెరిచి అదే పని చేయగలిగేవాడన్నది వేరే సంగతి.

ఆ నెలలోనే వచ్చిన పాక్షిక సంరక్షణ ఇంతకంటే ఆలోచించి చేసిన ఏర్పాటు. ఖాతా లేనివారిని, అప్పుడే ఖాతా తెరిచినవారిని మాత్రమే అది ఆపుతుంది. ఇప్పటి లెక్క ప్రకారం నాలుగు రోజులు, పది దిద్దుబాట్లు దాటితే చాలు. జర్మన్ వికీపీడియా 2008లో వేరే దారి పట్టింది: కొత్తవారిని రాయనిస్తూనే, అనుభవజ్ఞులు సరిచూశాకే ఆ మార్పు పాఠకులకు కనిపించేలా చేసింది.

అయితే ఇవన్నీ ఆకతాయిలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. పాలస్తీనా–ఇజ్రాయెల్ వ్యాసాల్లో సమస్య అది కాదు. అక్కడ నిషేధానికి గురైనవారు మారు ఖాతాలతో మళ్లీమళ్లీ వచ్చేవారు. పట్టుదల ఉన్నవారికి నాలుగు రోజుల నిరీక్షణ ఒక లెక్క కాదు. ఒక్కొక్కరు రోజుకు ఒక్కసారే ఇతరుల మార్పును తిరగ్గొట్టవచ్చునన్న నియమం కూడా, ఒకే వ్యక్తి పలు పేర్లతో వస్తే పనిచేయదు. అందుకే 2015లో, వాడుకరుల మధ్య వివాదాలను తేల్చే మధ్యవర్తిత్వ సంఘం 30 రోజులు, 500 దిద్దుబాట్ల షరతు విధించింది. 2016లో దీనికి సాఫ్ట్‌వేర్‌లోనే ప్రత్యేక సంరక్షణ స్థాయి ఏర్పడింది. ఆ ఏడాదే, పాక్షిక సంరక్షణ సరిపోని ఇతర వ్యాసాల్లోనూ నిర్వాహకులు దాన్ని వాడేందుకు వాడుకరుల సముదాయం ఒప్పుకుంది. తర్వాత రష్యా–ఉక్రెయిన్ యుద్ధ వ్యాసాలకూ ఈ షరతు పాకింది.

ఒక రంగానికి తప్పనిసరై పుట్టిన మందు ఇలా అలవాటుగా మారడంలోనే చిక్కు ఉంది. ఏవో సంబంధం లేని పేజీల్లో కామాలు సరిచేస్తూ 500 పూర్తిచేసుకునేవారు ఉంటారు. అలా పొందిన అర్హతను నిర్వాహకులు రద్దు చేయవచ్చు గానీ, ముందు ఎవరో ఒకరు గమనించాలి. విషయం తెలిసి, ఒక్క తప్పు తేదీని సరిదిద్దాలని వచ్చిన కొత్త వ్యక్తి మాత్రం చర్చాపేజీలో అభ్యర్థన పెట్టి, అర్హత ఉన్న మరొకరు దాన్ని చూసేదాకా ఆగాల్సిందే.