సాయంత్రం శెనక్కాయ ఆకుని మూసేది ఎవరు?

అనంతపురం ఎర్రనేలల్లో పొద్దుగూకే వేళ శెనక్కాయ చేను గట్టు మీద నిలబడితే కనబడుతుంది: ఒక్కో ఆకుకి ఉండే నాలుగు చిన్నాకులూ జతలు జతలుగా పైకి లేచి ఒకదానికొకటి ఆనుకుంటాయి. మొక్క నిద్రపోయిందంటాం గానీ నిజానికి అప్పుడు అక్కడ చాలా పని జరుగుతోంది, దానికి ఖర్చూ అవుతుంది.

చిన్నాకు మొదట్లో కొంచెం ఉబ్బుగా కీలు లాంటి భాగం ఉంటుంది. కండరాలూ లేవు, నరాలూ లేవు, అంతా పొటాషియం అయాన్లతోనే, అంటే విద్యుదావేశం ఉన్న పొటాషియం పరమాణువులతోనే. కీలులో పైవైపు కణాల్లోంచి పొటాషియం బయటికి పోతే దాని వెంటే నీళ్ళూ పోయి అవి వదులవుతాయి, కిందవైపు కణాలేమో ఉబ్బుతాయి, ఆకు పైకి మడుచుకుంటుంది. నిద్రగన్నేరు జాతి చెట్టు ఆకుల్లో పొటాషియం ఇలా కదులుతుందని రూత్ సాటర్, ఆర్థర్ గాల్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు 1971లోనే చూపించారు.

అయితే కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో చేసింది, మిల్లీమీటరులో లక్షో వంతు మందం కూడా ఉండదు, అయినా విద్యుదావేశం ఉన్న అయాను దాన్ని తనంతట తాను దాటలేదు. అందుకే పొరలో పంపులుంటాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుని ఒక్కొక్కటి ఖర్చుపెట్టి, ధనావేశం ఉన్న ప్రోటాన్‌ని ఒక్కొక్కటి బయటికి తోసేస్తాయి, దాంతో లోపలివైపు బయటికన్నా దాదాపు 150 మిల్లీవోల్టులు రుణంగా మారుతుంది. టార్చి సెల్లులో పదో వంతే కదా అనిపిస్తుంది, కానీ అంత పల్చటి పొర మీద అది సెంటీమీటరుకి సుమారు 2 లక్షల వోల్టుల లెక్క! ఆ లాగుడికి ధనావేశం ఉన్న పొటాషియం ప్రత్యేక దారుల్లోంచి లోపలికి వస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం ఆ దారే. సోడియం అయాను పొటాషియం కన్నా చిన్నది, అయినా దాన్ని దాదాపు రానివ్వదు. దారిలో వరసగా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు పొటాషియానికి సరిగ్గా సరిపోయే దూరంలో ఉంటాయి, అది తన చుట్టూ ఉన్న నీటి అణువుల్ని వదిలేసి వాటి మధ్య ఇమిడిపోతుంది, చిన్నదైన సోడియానికి ఆ పట్టు దొరకదు. ఈ అమరికని శాస్త్రవేత్త రోడెరిక్ మెకినన్ బృందం 1998లో ఒక బ్యాక్టీరియా దారిలో చూసింది, 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది.

బెట్ట తగిలినప్పుడు ఆకు రంధ్రాలు మూసుకునేదీ ఇలాగే. మొక్కలోని అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, రంధ్రం పక్క కణాల్లోంచి ముందు క్లోరైడ్ లాంటి రుణ అయాన్లు, తర్వాత పొటాషియం, ఆ వెనక నీళ్ళు బయటికి పోతాయి. పొటాష్ (పొటాషియం ఉన్న ఎరువు) వేస్తే చేను బెట్టకి ఆగుతుందనే మాటలో నిజం ఇదే, కానీ పొటాష్ వానని తేదు, భూసార పరీక్షలో తక్కువని వస్తేనే దాని మీద డబ్బు పెట్టడం మంచిది.