వీస్ఫియర్ డెస్క్‌టాప్ నుంచి బ్రౌజర్‌కి మారడానికి తొమ్మిదేళ్లు ఎందుకు పట్టింది

2016 మేలో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. సర్వర్లని నడిపే తన సాఫ్ట్‌వేర్ వీస్ఫియర్ రాబోయే వెర్షన్‌తో విండోస్ డెస్క్‌టాప్ క్లయింట్ (ఆ సర్వర్లని చూసుకోవడానికి అడ్మిన్ తన కంప్యూటర్‌లో పెట్టుకునే ప్రోగ్రామ్) పనిచేయదని, ఇకమీదట పనంతా బ్రౌజర్‌లోనే చేసుకోవాలని దాని సారాంశం. సర్వర్ల బాధ్యత చూసే అడ్మిన్‌లకి ఇది ఊహించని వార్తేమీ కాదు. కొత్త ఫీచర్లు వెబ్ క్లయింట్‌లో మాత్రమే వస్తాయని పాత క్లయింట్ లాగిన్ స్క్రీన్ మీదే కొన్నేళ్లుగా రాసి ఉంటోంది. అయినా చాలామందికి టెన్షన్ పట్టుకుంది. అప్పటిదాకా చేతికిచ్చిన వెబ్ క్లయింట్ ఎంత నెమ్మదిగా నడుస్తుందో వాళ్లు రోజూ చూస్తున్నారు మరి.

డెస్క్‌టాప్ క్లయింట్‌ని ఆపేసి వెబ్‌కి వెళ్లాలనుకునే ఏ సంస్థయినా ఈ చరిత్రని ఒకసారి చూడాలని నా గట్టి నమ్మకం. పాతదాన్ని తీసేయడం తప్పని నేను అనను, తీసేయక తప్పని పరిస్థితి వచ్చింది కూడా. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్న క్రమం తప్పింది. ఆ ఒక్క పొరపాటుకి మూల్యం వాడేవాళ్లు ఏళ్ల తరబడి చెల్లించారు.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏమిటో చెప్పుకుందాం. ఒకే కంప్యూటర్ మీద అనేక వర్చువల్ మెషీన్లని (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లని) నడిపే ఈఎస్ఎక్స్ అనే ఉత్పత్తిని వీఎంవేర్ 2001లో తెచ్చింది. అలాంటి సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి చూసుకోవడానికి 2003లో వర్చువల్‌సెంటర్ వచ్చింది. తర్వాత దాని పేరే వీసెంటర్ అయింది. 2006లో వీఎంవేర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ 3తో పాటు వచ్చిన క్లయింట్ అడ్మిన్‌ల చేతికి బాగా అలవాటైంది. 2009లో ఉత్పత్తి పేరు వీస్ఫియర్‌గా మారాక దాన్ని వీస్ఫియర్ క్లయింట్ అన్నారు. సీ షార్ప్ భాషలో రాశారు కాబట్టి జనం నోట్లో మాత్రం 'సీ షార్ప్ క్లయింట్'గా, ఇంకొందరికి 'ఫ్యాట్ క్లయింట్'గా మిగిలింది.

దాన్ని ఎందుకంత ఇష్టపడ్డారంటే, అడిగింది వెంటనే చేసేది. ఎడమవైపు సర్వర్ల చెట్టు, కుడి క్లిక్ చేస్తే మెనూ, మెషీన్ కన్సోల్ తెరిస్తే క్షణంలో నల్లటి స్క్రీన్. అర్ధరాత్రి ఏదో సర్వర్ పడిపోయి, పది మెషీన్లని ఒకటి తర్వాత ఒకటి చూడాల్సి వచ్చినప్పుడు ఆ వేగం విలువ తెలుస్తుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. వీసెంటరే పనిచేయని రోజున అదే క్లయింట్‌తో నేరుగా ఒక్కో ఈఎస్ఎక్స్‌ఐ (ఈఎస్ఎక్స్ తర్వాతి రూపం) హోస్ట్‌లోకి, అంటే వర్చువల్ మెషీన్లు నడిచే సర్వర్‌లోకి, లాగిన్ కావచ్చు. మామూలు రోజుల్లో వాడే పనిముట్టే ఆపద వేళలో కూడా చేతిలో ఉండేది.

మరి కంపెనీకి దానితో వచ్చిన ఇబ్బంది ఏమిటి? అది విండోస్‌లో తప్ప నడవదు. మ్యాక్, లినక్స్ వాడే అడ్మిన్‌లు ఇదొక్క దాని కోసం ఒక విండోస్ మెషీన్ పెట్టుకోవాలి. పైగా 2011లో వచ్చిన వీస్ఫియర్ 5.0తో వీసెంటర్ లినక్స్ ఆధారిత అప్లయన్స్‌గా (సిద్ధంగా అమర్చి ఇచ్చే వర్చువల్ మెషీన్‌గా) కూడా దొరకడం మొదలైంది. సర్వర్ విండోస్‌ని వదిలి బయటికి వచ్చింది, క్లయింట్ మాత్రం అక్కడే ఉండిపోయింది. వేరే వెర్షన్ సర్వర్‌కి కనెక్ట్ అయితే దానికి తగ్గ ఫైళ్లు మళ్లీ దించుకోవాలి. స్టోరేజ్ కంపెనీలు, బ్యాకప్ కంపెనీలు ఇచ్చే ప్లగిన్‌లని (అదనపు పనుల కోసం జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌లని) ప్రతి అడ్మిన్ తన మెషీన్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇవేవీ చిన్న తలనొప్పులు కావు. బ్రౌజర్‌కి వెళ్లాలన్న ఆలోచన ఇక్కడే పుట్టింది, అది సరైన ఆలోచనే.

చిక్కు ఆ తర్వాతి అడుగులో వచ్చింది. బ్రౌజర్‌లో వేలాది వస్తువుల జాబితాలు, గ్రాఫులు, విజార్డ్‌లు చూపించాలంటే 2010 ప్రాంతంలో ఏ టెక్నాలజీ పట్టుకోవాలి? వెబ్ పేజీల భాషకి కొత్త రూపమైన హెచ్‌టీఎంఎల్5 అప్పటికి ఖరారైన ప్రమాణం కాదు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని అధికారికంగా ఆమోదించింది 2014 అక్టోబర్‌లో. ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా ప్రవర్తించేది. బ్రౌజర్‌లో యానిమేషన్లు, అప్లికేషన్లు నడిపే ప్లగిన్ అడోబీ ఫ్లాష్ మాత్రం దాదాపు ప్రతి డెస్క్‌టాప్ బ్రౌజర్‌లోనూ ఉండేది. దాని మీద నిర్మించిన ఫ్లెక్స్‌లో పెద్ద సంస్థల అప్లికేషన్లకి కావలసిన పట్టికలు, ట్యాబ్‌లు సిద్ధంగా దొరికేవి. వీఎంవేర్ ఫ్లెక్స్‌నే ఎంచుకుంది.

ఆ ఎంపికని ఇవాళ వెక్కిరించడం తేలిక, కానీ అది న్యాయం కాదు. అప్పట్లో చాలా సంస్థలు అదే దారి పట్టాయి. అయితే హెచ్చరికలు లేకపోలేదు. ఐఫోన్‌లో ఫ్లాష్‌ని ఎందుకు రానివ్వమో వివరిస్తూ 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఒక లేఖ రాశారు. 2011 నవంబర్‌లో అడోబీ తానే మొబైల్ బ్రౌజర్లకి ఫ్లాష్ తయారు చేయడం మానేస్తున్నట్టు చెప్పింది. అప్పటికి వీస్ఫియర్ 5.0తో వెబ్ క్లయింట్ తొలి రూపం వచ్చి మూడు నెలలే. మార్గం మార్చుకోవడానికి అదొక అవకాశం. కానీ 2012 సెప్టెంబర్‌లో 5.1తో వచ్చిన పూర్తిస్థాయి వెబ్ క్లయింట్ కూడా ఫ్లాష్ మీదే నడిచింది.

5.1 నుంచే కొత్త ఫీచర్లు వెబ్ క్లయింట్‌కే పరిమితమయ్యాయి. ఈ నిర్ణయం మీదే నాకు పేచీ. కొత్తది పాతదాని వేగాన్ని అందుకోకముందే జనాన్ని అటు నెట్టారు. లాగిన్ అవ్వడానికి ఆలస్యం, మెనూ తెరవడానికి ఆలస్యం, చేసిన మార్పు స్క్రీన్ మీద కనపడాలంటే రిఫ్రెష్ నొక్కాలి. ఫీచర్ల జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే వెబ్ క్లయింట్ గెలుస్తుంది. రోజుకి వందసార్లు క్లిక్ చేసే మనిషికి ఆ జాబితా కంటే ఒక్కో క్లిక్‌కి పట్టే సమయం ముఖ్యం. వేగం కూడా ఒక ఫీచరే అన్న సంగతి ఆ పట్టికలో ఎక్కడా ఉండదు.

2013లో 5.5తో ఒత్తిడి ఇంకా పెరిగింది. ఆ వెర్షన్‌తో వర్చువల్ హార్డ్‌వేర్ (వర్చువల్ మెషీన్‌కి కనపడే ప్రాసెసర్, మెమరీ లాంటివాటి కూర్పు) వెర్షన్ 10 వచ్చింది. ఎవరైనా ఒక మెషీన్‌ని వెర్షన్ 10కి అప్‌గ్రేడ్ చేస్తే, ఆ తర్వాత సీ షార్ప్ క్లయింట్‌లో దాని సెట్టింగ్స్ మార్చడం కుదరదు. మెమరీ పెంచాలన్నా వెబ్ క్లయింట్‌కే వెళ్లాలి. వీసెంటర్ లేని చోట సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే వెబ్ క్లయింట్ వీసెంటర్ ద్వారానే పనిచేస్తుంది. నేరుగా హోస్ట్‌నే నడుపుకునేవాళ్లకి బొమ్మల స్క్రీన్‌లో ఆ పని చేసే దారే మిగల్లేదు. విమర్శలు వెల్లువెత్తాయి. 2014లో వచ్చిన 5.5 అప్‌డేట్ 2లో కంపెనీ సడలించింది. వెర్షన్ 10 మెషీన్లని పాత క్లయింట్‌లో మార్చుకోవచ్చు, కాకపోతే వెర్షన్ 8 దాకా ఉన్న సెట్టింగ్స్ మాత్రమే అని.

ఇంకోవైపు, ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్‌లు) వేసే అప్‌డేట్ మేనేజర్‌ని పూర్తిగా నడపాలంటే చాలాకాలం సీ షార్ప్ క్లయింటే గతి. 2015లో 6.0 అప్‌డేట్ 1 వచ్చాక గానీ ఆ పని వెబ్‌లోకి రాలేదు. అంటే కొత్త ఫీచర్ల కోసం బ్రౌజర్, ప్యాచ్‌ల కోసం డెస్క్‌టాప్. ఒకే ఉద్యోగానికి రెండు కిటికీలు తెరిచి కూర్చున్న ఆ ఏళ్లు అడ్మిన్‌లకి బాగా గుర్తుంటాయి.

అదే 2015లో ఇంకో దెబ్బ తగిలింది, అదీ వీఎంవేర్ చేతిలో లేని చోటు నుంచి. ఫైళ్ల ఎగుమతి, దిగుమతి లాంటి పనులకి వెబ్ క్లయింట్ ఒక బ్రౌజర్ ప్లగిన్ మీద ఆధారపడేది. గూగుల్ క్రోమ్ ఆ తరహా పాత ప్లగిన్ పద్ధతిని ఏప్రిల్‌లో డిఫాల్ట్‌గా ఆపేసి, సెప్టెంబర్‌లో పూర్తిగా తీసేసింది. నిన్నటిదాకా పనిచేసిన బటన్ బ్రౌజర్ అప్‌డేట్ తర్వాత పనిచేయకుండా పోవచ్చని జనానికి అనుభవంలోకి వచ్చింది. డెస్క్‌టాప్ క్లయింట్‌ని ఎప్పుడు మార్చాలో తయారుచేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. బ్రౌజర్‌లో ఆ గడియారం ఇంకొకరి చేతిలో ఉంటుంది. వెబ్‌కి మారే ప్రణాళికల్లో దీనికి తగినంత చోటు ఇవ్వరని నాకనిపిస్తుంది.

కథ మలుపు తిరిగింది కూడా ఆ ఏడాదే. వీఎంవేర్ ఇంజినీర్లు ప్రయోగాత్మకంగా చేసిన పనిముట్లని 'ఫ్లింగ్' పేరుతో, సపోర్ట్ హామీ లేకుండా బయటికి వదిలేవారు. ఈఎస్ఎక్స్‌ఐ హోస్ట్‌ని బ్రౌజర్‌లో నేరుగా నడిపే చిన్న హెచ్‌టీఎంఎల్5 క్లయింట్ 2015 ఆగస్టులో అలాగే వచ్చింది. ఫ్లాష్ లేదు, తేలిగ్గా ఉంది, వేగంగా ఉంది. 2016 మార్చిలో 6.0 అప్‌డేట్ 2తో అది హోస్ట్‌లోనే భాగమైంది. అదే నెలలో వీసెంటర్ కోసం కూడా హెచ్‌టీఎంఎల్5 క్లయింట్ ఫ్లింగ్‌గా విడుదలైంది. దాంట్లో మొదట ఉన్నవి కొన్ని రోజువారీ పనులే. కానీ తరచుగా కొత్త బిల్డ్ వచ్చేది, అభిప్రాయం పంపడానికి స్క్రీన్‌లోనే ఏర్పాటు ఉండేది. అడ్మిన్‌లు అడిగినవి కొద్ది వారాల్లో కనపడటం మొదలయ్యేసరికి నాలుగేళ్లుగా తెగిన నమ్మకం మెల్లగా అతుక్కుంది. ఇదే పద్ధతి 2011లో మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

మే ప్రకటన ఈ నేపథ్యంలో వచ్చింది. 2016 నవంబర్‌లో విడుదలైన 6.5తో సీ షార్ప్ క్లయింట్ శకం ముగిసింది. దాని స్థానంలో రెండు వెబ్ క్లయింట్‌లు ఇచ్చారు: అన్నీ ఉన్నా నెమ్మదైన ఫ్లాష్ క్లయింట్, వేగంగా ఉన్నా కొన్ని పనులే తెలిసిన హెచ్‌టీఎంఎల్5 క్లయింట్. 2017 జులైలో అడోబీ, 2020 చివరితో ఫ్లాష్‌ని పూర్తిగా ఆపేస్తామని చెప్పింది. అప్పటి నుంచి ఇది గడువుతో పరుగు. 2018 అక్టోబర్‌లో 6.7 అప్‌డేట్ 1తో హెచ్‌టీఎంఎల్5 క్లయింట్‌లో ఫీచర్లన్నీ పూర్తయ్యాయని కంపెనీ ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 7.0లో ఫ్లాష్ క్లయింట్ లేదు. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తానే కంటెంట్‌ని అడ్డుకోవడంతో, అప్పటికీ 6.0 లాంటి పాత వెర్షన్‌లలో ఉండిపోయినవాళ్లకి వెబ్ స్క్రీన్ తెరుచుకోకుండా పోయింది.

ఈలోపు చాలామంది అడ్మిన్‌లు రోజూ చేసే పనుల్ని వీఎంవేర్ ఇచ్చే కమాండ్ పనిముట్టు పవర్‌సీఎల్ఐ స్క్రిప్ట్‌లలోకి మార్చుకున్నారు. 2018 ఫిబ్రవరిలో దాని 10.0 వెర్షన్ మ్యాక్, లినక్స్‌లలో కూడా నడవడం మొదలుపెట్టింది. నెమ్మదైన స్క్రీన్ వల్ల జరిగిన మేలు ఏదైనా ఉందంటే ఇదే.

ఇప్పుడు ఇదే రకం మార్పు మెయిల్ వాడే మామూలు జనం దగ్గరికి వచ్చింది. విండోస్‌లోని మెయిల్, క్యాలెండర్ యాప్‌లకి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసి, వెబ్ టెక్నాలజీతో కట్టిన కొత్త ఔట్‌లుక్‌కి వాళ్లని మళ్లించింది. సంస్థల్లో వాడే పాత ఔట్‌లుక్‌కి మాత్రం కనీసం 2029 దాకా సపోర్ట్ ఉంటుందని చెప్పింది. వీస్ఫియర్ అడ్మిన్‌లకి దొరకని వెసులుబాటు ఇది. అయితే ఏళ్లుగా ఆఫీసు పనులకి రాసుకున్న కామ్ యాడిన్‌లు (డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌కి జోడించుకునే పాత తరహా ప్రోగ్రామ్‌లు) కొత్త ఔట్‌లుక్‌లో పనిచేయవు. వాటి మీద నడుస్తున్న పనులేవో ఇప్పుడే లెక్క తీసి, వాటికి వెబ్ యాడిన్‌లు ఉన్నాయో లేవో చూసుకోవాల్సింది ఆయా సంస్థలే.