రోటవేటర్ తిప్పితే నేల బాగుపడుతుందా?

"రెండుసార్లు రోటవేటర్ వేయించాం, మట్టి పిండిలా ఉంది, అయినా పత్తి ఎదగట్లేదు." ప్రతి వానాకాలం ఇదే మాట. పైమట్టి పిండిలా ఉంటే నేల బాగున్నట్టే అనుకోవడం రైతు జేబుకి పెద్ద చిల్లు పెట్టే అపోహ.

రోటవేటర్ బ్లేడ్లు 4–6 అంగుళాలకు మించి దిగవు. ఏటా అదే లోతులో, అదీ తడి ఎక్కువున్నప్పుడు తిప్పితే కింద మట్టి అణిగి గట్టి పొర కడుతుంది. దానికి ట్రాక్టర్ బరువు తోడు. వాన నీరు లోపలికి ఇంకదు, తల్లివేరు పొర తగిలి పక్కకు వంగుతుంది. పది రోజులు వాన మొహం చాటేస్తే ముందు వాడిపోయేది ఆ చేనే. దానికి ఇంకో బస్తా యూరియా వేస్తారు, అదేం మందో!

వాన పడ్డ రెండు మూడు రోజులకు సన్నటి ఇనుప ఊచ గుచ్చి చూడండి. కాస్త దిగి ఆగిపోతే అక్కడే అడుగున్నర గొయ్యి తీసి వేర్లు చూడండి. పొర ఉంటే ఏప్రిల్–మేలో, నేల లోపలిదాకా ఆరాక, పొరకు రెండు అంగుళాలు కిందికి దిగేలా సబ్‌సాయిలర్ (గట్టి పొరను లోతుగా చీల్చే ట్రాక్టర్ నాగలి) వేయించండి. చాలుకీ చాలుకీ మధ్య 1–1.5 మీటర్లు. తడిలో వేస్తే పొర పగలదు, గాడి పడుతుందంతే. పొర లేకపోతే ఆ ఖర్చే దండగ. తర్వాత కంది గానీ ఆముదం గానీ వేస్తే వాటి వేర్లు ఆ పగుళ్లలోకి దిగుతాయి.

ఇకపై దున్నేముందు ఆరంగుళాల లోతు మట్టి తీసి అరచేతుల్లో నలపండి. పెన్సిల్‌లా సాగితే పదును రాలేదు, ఆగండి.

మాగాణి రైతులు కంగారుపడొద్దు. దమ్ముతో ఏర్పడే పొరే మడిలో నీళ్లు నిలబెడుతుంది. వరే వేస్తుంటే దాని జోలికి పోకండి.

దుక్కిలోనే కాదు, పంట మార్పిడిలోనూ ఇలాంటి అపోహలున్నాయి. మిర్చి తీసి టమాటా వేస్తే పంట మార్చినట్టు కాదు. వంగతో సహా మూడూ ఒకే కుటుంబం. ఎండు తెగులు, వేరుబుడిపె నులిపురుగు మూడింటికీ వస్తాయి. మధ్యలో జొన్న రావాలి, నులిపురుగు ఎక్కువుంటే బంతి.

మినుము వేసినంత మాత్రాన నేలలో నత్రజని మిగలదు. చాలా భాగం గింజతో పోతుంది. మొక్కల్ని వేర్లతో సహా పీకి కళ్లానికి మోస్తే మిగిలేది ఇంకా తక్కువ. కాయలు కోసి, మొక్కల్ని దున్నేయండి.

వరికి ముందు పచ్చిరొట్ట ఎరువుగా వేసే జీలుగ ఎకరాకు 10–12 కిలోలు చల్లి, పూత దశలోనే కలియదున్నాలి. ముదిరితే కాడలు పీచు కట్టి నాట్ల నాటికి చివకవు.