పడే వైపుకే తిప్పు తల్లీ

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. "తాతయ్యా, నాకు పదకొండేళ్లొచ్చాయి, తమ్ముడు ఏడేళ్లకే తొక్కేస్తున్నాడు, నాకింకా రాలేదు, అసలు ఆగున్న సైకిల్ పడిపోతుంది కదా, పోయే సైకిల్ ఎందుకు పడదు?" అని గుక్కతిప్పుకోకుండా రాశావు. వయసు సంగతి వదిలెయ్. నాకు పన్నెండేళ్లకు వచ్చింది.

ఒక పొడవాటి కర్ర తెచ్చి అరచేతిలో నిలబెట్టు. అది కుడికి ఒరిగితే చెయ్యి కూడా కుడికే పరిగెడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. సైకిలూ ఆ కర్రే. ఎటు పడబోతే అటే హ్యాండిల్ కొంచెం తిప్పితే చక్రాలు నీ బరువు కిందికొచ్చేస్తాయి. ఆగున్న సైకిల్‌కి అలా జరిగే వీల్లేదు, చెయ్యి కట్టేసి కర్ర నిలబెట్టమన్నట్టు. ఇంకోటి, పెన్సిల్ నిలబెడితే క్షణం ఆగదు, పొడుగు కర్ర నిదానంగా ఒరుగుతుంది. తమ్ముడు పెన్సిల్, నువ్వు కర్ర! (ఇక ఆ కర్ర వదలమంటోంది మీ అమ్మమ్మ.)

నేను నేర్చుకున్న మైదానం మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్క స్తంభం. దాన్ని తప్పించాలన్న టెన్షన్‌లో దాన్నే చూస్తూ పోయి సరిగ్గా దాన్నే గుద్దాను. మోకాలి చిప్ప కంటే, పిక్క మీద చైను గ్రీజు అచ్చు చూసి మా చెల్లెలు నవ్విన నవ్వే ఎక్కువ మండింది. నవ్వేవాళ్లు కాసేపటికి ఇంటికెళ్లిపోతారులే. నువ్వు మాత్రం చక్రం వైపు చూడకు, దూరంగా వెళ్లాల్సిన చోటు చూడు.

1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన చేసిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు, కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. నువ్వూ అలాగే మొదలెట్టు. నాన్నతో పెడళ్లు తీయించు, ఎడమదాని మర తిరగేసి ఉంటుందని చెప్పు, లేకపోతే గంటసేపు కుస్తీ పడతాడు. పాదాలు రెండూ నేలకు ఆనేలా సీటు దించి, హెల్మెట్ పెట్టుకుని, అన్నిటికంటే మొదట బ్రేకులు పట్టడం అలవాటు చేసుకో. పక్క చక్రాలు మాత్రం వద్దు, ఒరగనివ్వని సైకిల్ మీద ఏం నేర్చుకుంటావు?

తొక్కడం వచ్చిన రోజున నేల మీద కాసిన్ని నీళ్లు పోసి, వాటి మీదుగా తిన్నగా పోయి, దిగొచ్చి తడి గీతలు చూడు. నువ్వు తిన్నగానే పోయాననుకుంటావు, అవి మాత్రం పాముల్లా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. వాటిలో ముందు చక్రానిది ఏదో కనిపెట్టి రాయి.

మీ తాతయ్య