ఒకే గస్తీ, వేర్వేరు పతకాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో రాత్రి గస్తీని నడిపించిన బ్రిటిష్ సైనికుడి పతకాన్ని చూసి అతని సాహసాన్ని కొలవబోతే పొరబడే అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఆ పతకం ఏదో నిర్ణయించినది అతను చేసిన పని ఒక్కటే కాదు, అతని హోదా, అతను బతికి తిరిగి వచ్చాడా లేదా అన్నది కూడా.

1914 చివరికి ఫ్రాన్స్, బెల్జియంలలో ఇరుపక్షాలూ కందకాల్లో స్థిరపడ్డాక, మధ్యన మిగిలిన ఎవరిదీ కాని నేల మీద మనుషులు తిరగగలిగింది చీకట్లోనే. ఒక యువ అధికారి గాని సార్జెంటు గాని కొద్దిమందిని వెంటబెట్టుకుని, ముఖాలకు మసి పూసుకుని, పట్టుబడితే తమ దళం ఏదో తెలియకుండా కాగితాలూ గుర్తులూ వెనకే వదిలి, సొంత ముళ్లకంచెలోని సందు గుండా పాక్కుంటూ బయటికి వెళ్లేవారు. శత్రువు కంచె ఎక్కడ తెగి ఉందో చూడటం, తవ్వకాల చప్పుడు వినడం, వీలైతే ఒకణ్ని పట్టుకొచ్చి ఎదుట ఉన్నది ఏ రెజిమెంటో తేల్చడం వారి పని. వెలుగుగుండు పైకి లేచిన క్షణంలో కదిలినవాడు మరతుపాకికి దొరికిపోయేవాడు. తిరుగుదారిలో సొంత కాపలావాడే పొరబడి కాల్చే ప్రమాదం ఉండనే ఉంది.

ఈ తరహా సాహసానికి తగిన పతకాలు యుద్ధం మొదలైనప్పుడు సరిపడా లేవు. బ్రిటన్ అత్యున్నత సాహస పతకమైన, 1856లో నెలకొల్పిన విక్టోరియా క్రాస్ అన్ని హోదాలవారికీ వర్తించినా అది అత్యంత అరుదు. అధికారులు కాని సైనికులకు 1854 నుంచి డిస్టింగ్విష్డ్ కాండక్ట్ మెడల్ ఉండేది. 1914 డిసెంబరు 28న కెప్టెన్లకు, అంతకు దిగువ అధికారులకు, సార్జెంట్లకు పైన ఉండే వారెంట్ అధికారులకు మిలిటరీ క్రాస్ వచ్చింది. మిగిలిన సైనికులకు 1916 మార్చిలో మిలిటరీ మెడల్‌ను ప్రవేశపెట్టారు. దాంతో ఒకే రాత్రి, ఒకే కంచె కింద పాకిన లెఫ్టినెంటుకు వెండి శిలువ, సార్జెంటుకు గుండ్రటి పతకం దక్కడం మామూలైపోయింది.

భారత సైనికుల దారి మరొకటి. ఈస్ట్ ఇండియా కంపెనీ 1837లో నెలకొల్పిన ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1907 నాటి ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ వారికోసం విడిగా ఉండేవి. విక్టోరియా క్రాస్‌కు వారిని అర్హులను చేసింది 1911లోనే. సుమారు మూడేళ్లకే, 1914 నవంబరు 23–24 రాత్రి ఫ్రాన్స్‌లోని ఫెస్టూబెర్ వద్ద, పోగొట్టుకున్న కందకాలను తిరిగి పట్టుకునే పోరులో తలకు, చేతికి గాయాలైనా ముందుండి సాగిన గఢ్వాల్ రైఫిల్స్‌లో నాయక్ హోదా సైనికుడు దర్వాన్ సింగ్ నేగికి ఆ గౌరవం దక్కింది. అది గస్తీ కాదు గాని, రాత్రివేళ కందకాల్లో జరిగిన పోరాటానికి ఎంత విలువ కట్టారో అది చెబుతుంది.

అన్నిటికంటే కఠినంగా తోచేది మరణానికి సంబంధించిన నియమం. గస్తీలోనే ప్రాణం విడిచిన బ్రిటిష్ సైనికుడికి ఇవ్వగలిగినవి విక్టోరియా క్రాస్, లేదంటే సేనాని నివేదికలో పేరు ప్రస్తావన మాత్రమే. ఈ రెంటికీ నడుమ ఉన్న బ్రిటిష్ సైన్యపు పతకాలేవీ మరణానంతరం ఇచ్చేవి కావు. ప్రమాదం ఎంత పెరిగితే పతకం వచ్చే అవకాశం అంత తగ్గిందన్నమాట. ఈ నియమాన్ని 1979లో గాని సడలించలేదు. హోదాల తేడా అంతకంటే ఎక్కువ కాలం నిలిచి, 1993లో మిలిటరీ మెడల్ రద్దయి, మిలిటరీ క్రాస్ అన్ని హోదాలవారికీ వర్తించాకే పోయింది.

లక్షకు పైగా ఇచ్చిన మిలిటరీ మెడల్ గ్రహీతల పేర్లు బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజిట్‌లో వచ్చాయి గాని, ఏ పనికి ఇచ్చారన్న వివరణ సాధారణంగా వాటితో లేదు. సైనికుల సేవా పత్రాల్లో సగానికి పైగా 1940 బాంబు దాడుల్లో కాలిపోయాయి. అందువల్ల ఒక సార్జెంటు గస్తీ కథ కావాలనుకునేవారు గెజిట్ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసి, అతని బెటాలియన్ యుద్ధ దినచర్య పుస్తకంలోని ముందరి వారాలు చదవాలి. అందులోనూ అధికారుల పేర్లు కనిపించినంత తరచుగా మామూలు సైనికుల పేర్లు కనిపించవు.