ఏళ్ల తరబడి మారని కంప్యూటర్ మోడళ్లు: అపోహలు - వాస్తవాలు

ఆఫీసులకు కంప్యూటర్లు ఎంపిక చేసి పెట్టడం నా పని. మూడు నాలుగేళ్లుగా ఏ మార్పూ లేకుండా అమ్ముతున్న మోడల్ కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఆ అడగడంలోనే కొన్ని అపోహలు బయటపడతాయి.

అపోహ: ఇవాళ కొంటే సపోర్ట్ ఇవాళ్టి నుంచే మొదలు.

వాస్తవం: వారంటీ వరకు నిజమే. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లకు మాత్రం బిల్లు మీద తేదీతో పని లేదు, లోపల ఏ తరం హార్డ్‌వేర్ ఉందన్నదే లెక్క. స్తంభం ఆకారంలో ఉండే మ్యాక్ ప్రో అనే డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను ఆపిల్ 2013 డిసెంబర్ నుంచి 2019 డిసెంబర్ దాకా అమ్మింది. దానికి అందిన ఆఖరి మ్యాక్ ఓఎస్ 2021 నాటి మాంటెరీ. 2022 అక్టోబర్‌లో వచ్చిన తర్వాతి వెర్షన్ వెంచురా అందులో ఎక్కదు. అంటే మొదట్లో కొన్నవాళ్లు ఎనిమిదేళ్లకు పైగా కొత్త వెర్షన్లతో నడిపారు, చివర్లో కొన్నవాళ్లకు మూడేళ్లు కూడా దక్కలేదు. డబ్బు మాత్రం ఇద్దరూ దాదాపు ఒకేలా పోశారు!

క్రోమ్‌బుక్‌ల (గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌ల) విషయంలో గూగుల్ ఈ సంగతి దాచలేదు. 2023లో ప్రకటించిన పదేళ్ల అప్‌డేట్ల గడువు ఆ ప్లాట్‌ఫామ్ (లోపలి మూల హార్డ్‌వేర్) విడుదలైన నాటి నుంచే. నాలుగేళ్ల పాతది కొంటే మీకు మిగిలేది ఆరేళ్లు.

అపోహ: పాత మోడల్‌కు స్పేర్ పార్టులు త్వరగా దొరక్కుండా పోతాయి.

వాస్తవం: ఇక్కడ లెక్క తిరగబడుతుంది, గడువు మొదలయ్యేది అమ్మకం ఆపిన రోజు నుంచి. ఆపిల్ ఒక మోడల్‌ను ‘వింటేజ్’ (పార్టులు దొరుకుతాయన్న హామీ లేని పాతవి) జాబితాలో చేర్చేది అమ్మకం ఆపిన ఐదేళ్లకు, ‘ఆబ్సొలీట్’ (కాలం చెల్లినది) అనేది ఏడేళ్లకు. పై మ్యాక్ ప్రోకు కొత్త ఓఎస్ 2022లోనే ఆగిపోయినా, ఆ ఐదేళ్లు నిండింది 2024 చివర్లో.

అపోహ: మార్చలేదంటే కంపెనీ దాన్ని గాలికొదిలేసినట్టే.

వాస్తవం: ఒక్కోసారి అంతే. ఆ మ్యాక్ ప్రో డిజైన్ వేడి విషయంలో తమను ఇరుకున పెట్టిందని 2017లో ఆపిల్ వాళ్లే ఒప్పుకున్నారు. రెండు చిన్న గ్రాఫిక్స్ కార్డులకు తగ్గట్టు కట్టిన పెట్టె అది, మార్కెట్ ఒకే పెద్ద కార్డు వైపు పోయింది.

కానీ మార్చకపోవడమే కావాలనుకునే కొనుగోలుదారులూ ఉన్నారు. ఫ్యాక్టరీ మెషీన్‌లో బోర్డు మారితే సాఫ్ట్‌వేర్ అంతా మళ్లీ పరీక్షించాలి, ఒక్కోచోట సర్టిఫికెట్లూ మళ్లీ తెచ్చుకోవాలి. అందుకే 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3 మోడల్ బి అనే చిన్న బోర్డు కంప్యూటర్‌ను కనీసం 2028 జనవరి దాకా తయారు చేస్తామని ఆ కంపెనీ ముందే చెప్పింది. ఇలా రాతపూర్వకంగా గడువు ఇచ్చిన పాత మోడల్‌ను నేను ధైర్యంగా రికమెండ్ చేస్తాను. ఏ మాటా చెప్పకుండా షెల్ఫ్‌లో ఉంచినదాన్ని చెయ్యను.

అపోహ: తెలియనివాళ్లే పాతవి కొంటారు.

వాస్తవం: 2012 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో 2016 దాకా అమ్ముడైంది. ర్యామ్, డిస్క్ మనమే మార్చుకోవచ్చు, డీవీడీ డ్రైవ్ ఉంది. కావాలని వెతికి కొన్నవాళ్లు ఎందరో!

అపోహ: మోడల్ పేరు అదే కాబట్టి లోపల సరుకూ అదే.

వాస్తవం: విండోస్ ల్యాప్‌టాప్‌లలో ఇది నమ్మకండి. పేరు అలాగే ఉంచి ఎస్ఎస్‌డీ, వైఫై కార్డు, స్క్రీన్ ప్యానెల్ మార్చేయడం మామూలే. రివ్యూలో చూసిన డిస్క్ స్పీడ్ మీ పెట్టెలో రాకపోవచ్చు. ఆర్డర్‌లో పేరుతో పాటు పూర్తి పార్ట్ నంబర్ రాయించుకుంటే, తేడా వచ్చినప్పుడు వాపసు ఇవ్వడానికి ఆధారం ఉంటుంది.